అభయారణ్యమునకు మాన్యము

మన మెదకుసీమకు మెతుకుసీమ యని మఱియొక పేరు కలదు. అన్నపు మెతుకునకు కొదవలేని నేల యగుటచేత ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఆ మెతుకు ఎక్కడనుండి వచ్చుచున్నదని యడిగినచో చెఱువునుండియని రైతు చెప్పును. చెఱువులోని నీరు ఎక్కడిదని మరల నడిగినచో వాననీరని చెప్పి ఊరకుండును. వానకును చెఱువునకును నడుమ అడవి యొకటి కలదను మాట మనలోఁ బెక్కురు మఱచుచున్నారు. ఆ అడవిని గుఱించియు, దానిని కాపాడుటకు వలయు ప్రణాళికను గుఱించియు, ఆ ప్రణాళికకు వలయు ధనమును గుఱించియు నేఁడు మీతో కొన్ని మాటలు చెప్పఁదలఁచితిని.

మెదకు పట్టణమునుండి ఎల్లారెడ్డికి పోవు బాటలో సుమారు 15 కిలోమీటరులు సాగినచో పోచారము చెఱువు కనఁబడును. మంజీరలోఁ గలియు నొక వాగునకు అడ్డముగా నిజాము ప్రభుత్వమువారు ఈ కట్టను కట్టించిరి. 1922 నాఁటికి పని ముగిసినది. దీని క్రింద సుమారు 10,500 ఎకరముల ఆయకట్టు కలదు. అలుగు పొరలిన నీరు మంజీరను చేరి నిజాముసాగరమునకు పోవును. చెఱువును ఆనుకొని యున్న అడవి నిజాము ప్రభువుల వేఁటకు ప్రత్యేకింపఁబడి యుండెను. 1952లో అది అభయారణ్యముగా ప్రకటింపఁబడినది. దాని విస్తీర్ణము సుమారు 130 చదరపు కిలోమీటరులు. ఎకరములలోఁ జెప్పవలెనన్నచో 32 వేలు.

ఇది ఆకురాల్చు మెట్ట అడవి. వేసవిలోఁ జూచినవారికి ఎండిన కొమ్మలును ఎఱ్ఱని రాళ్లును మాత్రమే కనఁబడును. తొలకరి పడిన పక్షము దినములలో అదియే అడవి గుర్తింపరానంత పచ్చనగును. చిరుతపులి, ఎలుగుబంటి, తోఁడేలు, కణితి, దుప్పి, మనుబోతు, కొండగొఱ్ఱె మొదలైన జంతువులకు ఇది నెలవు. శీతకాలమున తలపై నల్లని పట్టెలు గల బాతులు హిమాలయములను దాఁటి వచ్చి ఈ చెఱువున దిగును. చెఱువు లేనిచో ఆ పక్షులకు ఇచ్చట పనిలేదు. అడవి లేనిచో ఆ చెఱువునకు ఆయువు లేదు.

ఈ రెండవ మాటకు నిదర్శనము చూపెదను. కట్టిన నాఁడు ఈ చెఱువున సుమారు 242 కోట్ల ఘనపుటడుగుల నీరు నిలుచుచుండెను. పూడిక చేరి చేరి అది 182 కోట్ల ఘనపుటడుగులకు దిగినది. అనఁగా నాలుగింట నొక పాలు నీరు నిలువవలసిన చోట మన్ను నిలిచినది. ఆ మన్నంతయు అడవి తఱుగుటచేతనే వచ్చినదని నేననను; ఎగువను దున్నిన చేలనుండియు వచ్చును, వాగుల గట్లు విఱిగియు వచ్చును. అయినను, గడ్డియు ఆకుచెత్తయు కప్పిన నేలపైఁ బడిన వాన మెల్లఁగా ఇంకి తేటనీరై దిగుననియు, బోడినేలపైఁ బడిన వాన మన్నును కోసికొని పరుగెత్తుననియు ప్రతి రైతునకును తెలిసిన విషయమే. 2025 ఆగష్టు చివరి వారమున మెదకు, కామారెడ్డి ప్రాంతములలోఁ గురిసిన కుంభవృష్టికి ఈ కట్ట ఎన్నఁడెఱుఁగని వరద వచ్చినది. నూఱేండ్లు దాఁటిన ఆ కట్ట నిలిచినది గాని దిగువ గ్రామములవారు భయముతో రాత్రులు గడపిరి. అట్టి వానలు ఇఁక రావని చెప్పఁగలవా రెవ్వరును లేరు. కాఁబట్టి ఎగువ అడవిని కాపాడుట పక్షులపై దయచేతఁ జేయు పని మాత్రమే కాదు. మన కట్టను, మన పొలమును, మన మెతుకును కాపాడుకొనుట.

అభయారణ్యమని ప్రకటించి యుండఁగా ఇఁక కాపాడుటకు ఏమి మిగిలినదని మీరడుగవచ్చును. ఇచ్చటనే అసలు చిక్కు కలదు. వేఁటపట్టుగా నున్నప్పుడు ఆ అడవికి ఒక ప్రభువు కలఁడు. తన వినోదము కొఱకే యగుఁగాక, కావలివారిని నియమించి, వారికి జీతమిచ్చి కాపాడించెను. వేఁట పోయినది, ప్రభువును పోయెను. వేఁట పోవుట మంచిదే. కాని ఆ కావలివానికి ఏఁటేఁట కూలి యెవరీయవలెను? ఎంత యీయవలెను? ఎక్కడనుండి తెచ్చి యీయవలెను? ఈ ప్రశ్నకు 1952 నాఁటి ప్రకటనలోఁ గాని, 1972లో భారతప్రభుత్వము చేసిన వన్యప్రాణి సంరక్షణ చట్టములోఁ గాని శాశ్వతమైన సమాధానము లేదు. చట్టము హద్దులు చెప్పును, నిషేధములు చెప్పును, శిక్షలు చెప్పును. ధనము మాత్రము ఏఁటికేఁడు ప్రభుత్వము దయచేయవలసినదే.

మొదట ప్రణాళిక మాట చూతము. ఆ చట్టమునకు 2022లో జరిగిన సవరణచేత, ప్రతి అభయారణ్యమును కేంద్రప్రభుత్వపు సూచనల ననుసరించి, రాష్ట్రమునందలి ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి ఆమోదించిన నిర్వహణ ప్రణాళిక ప్రకారము నడపవలెనని యేర్పడినది. ప్రణాళిక యన్నంతనే లావుపాటి గ్రంథమొకటి కన్నులకు కట్టును. నిజమున కది ఇంటి యజమానుఁడు ఏడాది గ్రాసమునకు వేసికొను లెక్కవంటిది. మన అడవికి ఏమేమి కావలెనో చూడుఁడు.

వేసవిలో జంతువులకు నీరు కావలెను. వాగులు మాఘమాసమునకే ఎండును. నీరు లోపల దొరకనిచో దుప్పులు ఊళ్లలోనికి వచ్చును. వచ్చినవి కుక్కల నోటఁ బడును, లేదా బాటమీఁద బండ్లక్రిందఁ బడును. వానివెంట చిరుతపులియు వచ్చును. కాఁబట్టి లోపల చిన్న అడ్డుకట్టలు, ఊటకుంటలు, నీటితొట్లు ఉండవలెను. తొట్లను ఎవరో యొకరు నింపుచుండవలెను. ఇఁక అగ్ని. రాలిన ఆకులు మోకాలిబంటి పేరుకొనిన అడవిలో, ఆర్పక పాఱవేసిన చుట్టముక్క యొకటి చాలును. అగ్ని ప్రాఁకకుండ అగ్గిబాటలు తీయవలెను. అవియు శిశిరమునకు ముందే తీయవలెను. మఱియు లాంటానా కంప, వయ్యారిభామ వంటి పరాయి మొక్కలు గడ్డిని అణఁచి వ్యాపించును. గడ్డి పోయిన చోట దుప్పి నిలువదు. వానిని వేరుతోఁ బెఱికి, ఆ నేలను గడ్డితో నింపవలెను. ఒక్కమాఱు పెఱికినచోఁ జాలదు; మూఁడు నాలుగేండ్లు వెంటనంటి పెఱుకవలెను. వీని కన్నిఁటికిని మించి మనుష్యులు కావలెను. రాత్రింబవళ్లు నడచి తిరుగు కావలివాఁడు లేనిచో హద్దురాళ్లు ఎన్ని పాతినను అవి రాళ్లే.

ఈ సందర్భమున మన పూర్వుల శాసనమొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. కడపసీమలోని పోరుమామిళ్ల చెఱువును 1369లో విజయనగర రాజకుమారుఁడు భాస్కరుఁడు కట్టించెను. అచ్చటి శిలాశాసనమున మంచి చెఱువునకు ఉండవలసిన పండ్రెండు అంగములును, ఉండరాని ఆఱు దోషములును చెప్పఁబడినవి. అంగములలో ధనవంతుఁడైన ప్రభువును, జలశాస్త్ర మెఱిఁగినవాఁడును, గట్టి నేలయు, తియ్యని నీరు గల నదియు, పనితనము గల మనుష్యులును కలరు. ఎంత చక్కని ప్రణాళికయో చూడుఁడు! ధనము, శాస్త్రము, స్థలము, శ్రమ — నాలుగును ఒక్కచోట లెక్కింపఁబడినవి. దోషములలో నొకటి మనము నేఁడు ప్రత్యేకముగాఁ జూడఁదగినది: చెఱువు రెండు రాజ్యముల సరిహద్దున ఉండరాదఁట. ఏల? ఇద్దఱు ప్రభువులలో ఎవరి బాధ్యతయో తేలదు గనుక. మన పోచారపు అడవి కొంత మెదకు జిల్లాలోను, కొంత కామారెడ్డి జిల్లాలోను ఉన్నది. చిరుతపులి జిల్లా సరిహద్దు నెఱుఁగదు, నిప్పురవ్వయు ఎఱుఁగదు. ఇరు జిల్లాల అధికారులును ఒక్క ప్రణాళికను, ఒక్క లెక్కపుస్తకమును పట్టుకొనని యెడల మన అడవికి ఆ ప్రాచీన దోషమే తగులును.

ఇఁక ధనము మాట. అభయారణ్యములకు ధనము వచ్చు మార్గములు ప్రధానముగా మూఁడు. మొదటిది ప్రభుత్వపు గ్రాంటు. వన్యప్రాణుల నెలవుల అభివృద్ధికై యేర్పడిన పథకము క్రింద, మన రాష్ట్రమువంటి వానికి నూటికి 60 పాళ్లు కేంద్రమును 40 పాళ్లు రాష్ట్రమును భరించును. ఇది మంచి యేర్పాటే. కాని గ్రాంటు ఏఁటికేఁడు వచ్చునది. ఖాతా సంవత్సరము మార్చి 31తో ముగియును. అడవిలో అగ్ని ఫిబ్రవరిలోనే మొదలగును. అగ్గిబాట తీయవలసిన నెలలో సొమ్ము చేతికి రానిచో, తరువాత ఎంత వచ్చినను బూడిదమీఁద వ్రాసిన లెక్కయే యగును. పెద్ద మొత్తము ఆలస్యముగా వచ్చుటకంటె చిన్న మొత్తము వేళకు వచ్చుట అడవికి మేలు.

రెండవ మార్గము పరిహారపు సొమ్ము. గనికో, బాటకో, ప్రాజెక్టుకో అడవి నేలను తీసికొనినవారు దాని విలువను కట్టవలెనను నియమము సర్వోన్నత న్యాయస్థానము ఆజ్ఞలచేత బలపడినది. ఆ సొమ్మును పంచుటకై 2016లో పరిహార వనీకరణ నిధి చట్టము చేయఁబడినది. దాని ప్రకారము నూటికి 90 పాళ్లు రాష్ట్రములకుఁ జెందును. 2019లో రాష్ట్రములకు 47 వేల కోట్ల రూపాయలకు మించి పంచిరి. తెలంగాణమునకు మూఁడువేల కోట్లకు పైగా వచ్చెను. ఇది పెద్ద మొత్తమే. అయినను ఈ ధనము ఎట్టిదో మఱవరాదు. ఇది ఒక అడవి పోయినందులకు వచ్చిన సొమ్ము. ఇంటి దూలమును అమ్మి గోడకు సున్నము కొట్టించువాని సంసారము ఎంతకాలము సాగును? ఒకమాఱు చేయవలసిన పనులకు, కట్టలకు, మొక్కలకు, ఈ సొమ్మును వినియోగించుట న్యాయము. కాని కావలివాని జీతము మఱియొక అడవి నాశముపై ఆధారపడుట న్యాయము గాదు.

మూఁడవ మార్గము చూడవచ్చినవారు కట్టు రుసుము. పులుల అభయారణ్యములకు ఈ విషయమున ఒక సదుపాయము కలదు. 2006లో జరిగిన సవరణచేత, ప్రతి పులుల అభయారణ్యమునకును ఒక సంరక్షణ సంస్థను స్థాపింపవలెనని యేర్పడినది. రుసుములు, విరాళములు దానికిఁ జేరి ఆ అడవికే వినియోగపడును. మన రాష్ట్రమున కవ్వాలు, అమ్రాబాదు అడవులు అట్టివి. పులి లేని అడవికి ఆ చట్టము అట్టి సంస్థను ఏర్పఱుపలేదు. కణితియు కొండగొఱ్ఱెయు చేసిన పాపమేమి?

ఇట్టి చిక్కునే సముద్రమధ్యమందలి చిన్న దేశములు ఎట్లు విడఁదీసికొనుచున్నవో చూచిన మనకు కొంత దారి తోఁచును. పసిఫికు మహాసముద్రమున పలావు అను దీవుల దేశము కలదు. అచ్చటి జనసంఖ్య సుమారు 18 వేలు. మన మండలములలోఁ బెక్కింటికంటెఁ దక్కువ. వారికి పూర్వాచార మొకటి కలదు: చేపలు తఱిగినప్పుడు గ్రామ పెద్దలు ఒక చోట వేఁటను కొంతకాలము నిషేధింతురు. ఆ నిషేధమును వారు బుల్ అందురు. ఆ యాచారమును పునాదిగాఁ జేసికొని 2003లో రక్షితప్రాంతముల చట్టమును చేసికొనిరి. 2009నుండి దేశమును విడిచిపోవు యాత్రికునివద్ద హరితరుసుము వసూలుచేసి ఆ ప్రాంతములకై నిధిని కూర్చిరి. 2018లో ఆ రుసుమును 100 డాలరులు చేసి విమానపు టిక్కెట్టులోనే చేర్చిరి. నిధినుండి సొమ్ము కోరు ప్రాంతము తన నిర్వహణ ప్రణాళికను చూపవలెను. ప్రణాళిక ముందు, పైకము వెనుక — ఇది వారు నేర్పిన మొదటి పాఠము.

హిందూమహాసముద్రమున సెషెల్సు అను మఱియొక దేశము కలదు. 115 దీవుల సమూహము. ఆ దేశము అప్పులలో మునిఁగియుండెను. 2016లో ఆ అప్పులో 2 కోట్ల 16 లక్షల డాలరులను గుఱించి ఒక యొడంబడిక కుదిరినది. ప్రకృతి సంరక్షణ సంస్థ యొకటి ధనము కూర్చి ఆ అప్పును ఋణదాతలనుండి కొనునట్లును, దేశము ఇఁకమీఁదట ఆ వాయిదాలను స్వదేశమందలి ధర్మనిధి యొకదానికిఁ జెల్లించునట్లును ఏర్పాటు. ఆ వాయిదాలలో కొంత సంరక్షణ పనులకును, కొంత మూలధనముగా నిలువచేయుటకును పోవును. అందులకు బదులుగా తన సముద్రములో నూటికి 30 పాళ్లను రక్షింతునని ఆ దేశము మాటయిచ్చెను; జాలరులను, పడవలవారిని, అధికారులను కూర్చుండఁబెట్టి ఏండ్ల తరబడి చర్చించి, 2020 మార్చిలో ఆ మాట నిలుపుకొనెను.

ఆ దేశముననే మఱియొక ముచ్చట కలదు. అక్కడ జంటకొబ్బరులు కాయు లోయ యొకటి యాత్రికులకు సులభముగాఁ జేరఁదగినది. అల్డబ్రా యను దీవి వేఱొకటి, మిక్కిలి దూరము, పెద్ద తాఁబేళ్లకు పుట్టినిల్లు, పోవువారు అరుదు. రెండింటిని ఒక్క సంస్థయే నడపును. లోయలో వచ్చిన రుసుము దూరపు దీవికి కావలి కాయును. అన్నదమ్ములలో నొకఁడు పట్టణమున సంపాదించి పల్లెలోని తమ్ముని సేద్యమునకు పంపుట మన యిండ్లలో లేదా? హైదరాబాదు నగరమున కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయవనమునకు ప్రతి ఉదయమును వేలమంది నడకకు పోవుదురు. అట్టి వనముల రాబడిలో కొంత పోచారమువంటి దూరపు అడవికి పంచినచో నగరవాసి నడిచిన అడుగు గ్రామపు చెఱువునకు మేలగును.

అయితే ఆ దీవులకు తగిలిన దెబ్బయు మనకు పాఠమే. 2020లో కరోనా మహమ్మారి వచ్చి యాత్రలు ఆఁగిపోయినవి. యాత్రికుఁడు లేక రుసుము లేదు. రుసుము లేక రాబడి లేదు. తాఁబేళ్లకును పగడపు దిబ్బలకును మాత్రము ఆ యేఁడు కావలి అక్కఱ తీఱలేదు. ఒక్క కాలువ నమ్మిన చెఱువు ఆ కాలువ తెగిన నాఁడు ఎండును. పలుచోట్లనుండి నీరు చేరవలెను.

ఇట్టి ఉపాయము మనకు క్రొత్తదియా? కాదు. చెఱువు, వనము, దేవాలయము వంటివానిని సప్తసంతానములలోఁ జేర్చిన జాతి మనది. సంతానమన్న మాటకు అర్థమేమి? కని విడిచిపెట్టునది గాదు, పెంచవలసినది. అందుచేతనే మన పూర్వులు చెఱువును కట్టించుటతో ఊరకుండలేదు. చెఱువును కట్టినవానికిని, మరమ్మతు చేయువానికిని దాని క్రింది భూమిలో కొంత భాగము దశబంధ మాన్యముగా నిచ్చుచుండిరి. చెఱువు నిండిన మాన్యము పండును. మాన్యము పండిన చెఱువు మరమ్మతు జరుగును. రాజు మాఱినను, రాజ్యము మాఱినను, ఆ మాన్యముచేత చెఱువు నిలిచినది. వనమునకు మాత్రము మనము మాన్యము వ్రాయలేదు. అప్పుడు అడవికి కొదవలేదు గనుక. నేఁడు వ్రాయవలసిన కాలము వచ్చినది.

ఎట్లు వ్రాయవలెనో నాకుఁ దోఁచినది మనవి చేసెదను. పోచారపు అడవికి ఒక మూలనిధి ఉండవలెను. మూలధనమును తాఁకరాదు, వడ్డీ మాత్రమే వినియోగింపవలెను. మాటవరుసకు పదికోట్ల రూపాయల మూలధనము కూడినదనుకొందము. నూటికి ఆఱు చొప్పున ఏఁటికి 60 లక్షలు వడ్డీ వచ్చును. ఇరువదిమంది కావలివారికి నెలకు 15 వేల చొప్పున ఏఁటికి 36 లక్షలగును. మిగిలిన 24 లక్షలలో సగము నీటికిని అగ్గిబాటలకును, సగము మరల మూలధనమునకును చేర్చవలెను. అట్లు చేర్చనిచో ధరలు పెరుగఁగా పెరుగఁగా నేఁటి పదికోట్లు రేపటికి ఐదుకోట్లవలె నగును. ఈ లెక్క అంచనా మాత్రమే, నిపుణులు సరిదిద్దవలెను. కాని అడవి రక్షణ మన శక్తికి మించిన పర్వతము కాదని చూపుటకు ఇది చాలును.

ఈ మూలధనము ఎట్లు కూడును? పరిహారపు నిధినుండి ఒక్కమాఱు ఇచ్చు మొత్తము కొంత. సందర్శకుల రుసుము కొంత. నగరవనముల రాబడి కొంత. లాభములలో కొంత భాగము సమాజమునకు వెచ్చింపవలెనని 2013నాఁటి కంపెనీల చట్టము పెద్ద కంపెనీలకు విధించినది గనుక ఆ సొమ్ము కొంత. ఉద్యోగులును శాసనసభ్యులును నెలకు కొంత యిచ్చునట్లు 2021లో తెలంగాణమున హరితనిధి ప్రకటింపఁబడినది. చిన్న చేతులు పెక్కు కలిసిన పెద్ద మొత్తమగునను ఆలోచన అదియే. ఆయకట్టు రైతు కూడ ఎకరమునకు ఏఁటికి ఏఁబది రూపాయలు ఇచ్చెనేని, 10,500 ఎకరములకు 5 లక్షల 25 వేలగును. అది నిధిలో చిన్న భాగమే. కాని ఆ యేఁబది రూపాయలిచ్చిన రైతు, అడవిలో పొగ లేచిన నాఁడు అది సర్కారు అడవి యని ఊరకుండఁడు.

బీదరైతును మరల పీడింతురా యని కొందఱడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. అందులకే ఒక మాట ముందు చెప్పవలసియున్నది. ఈ అడవికి అందఱికంటె ఎక్కువ వెల ఇప్పటికే చెల్లించుచున్నవారు హద్దుననున్న గ్రామములవారును తండాలవారును. గొఱ్ఱెలను మేఁపుకొను గొల్లకుర్మలు మేఁతపట్టు విడిచిరి. వంటచెఱకునకు పోవు స్త్రీలు దూరపు బాట పట్టిరి. చేను పందులపాలైనప్పుడు పరిహారమునకై రైతులు కార్యాలయముల చుట్టును తిరుగుచుందురు. లాభము దిగువ ఆయకట్టునకును, నష్టము ఎగువ గ్రామమునకును కలుగుట ధర్మము గాదు. కాఁబట్టి నిధికి మొదటి ఖర్చు వారిదే కావలెను: పంట పోయిన వారమురోజులలో పరిహారము, కావలి యుద్యోగములలో వారి పిల్లలకే మొదటి తావు, కొట్టములో కట్టి మేపు పశువులకు గడ్డి. అభయమన్న పదమునకు భయము లేకుండుట యని కదా అర్థము. దుప్పికి అభయమిచ్చి దాని ప్రక్కనున్న మనుష్యునకు భయమిచ్చిన అడవి యెన్నాళ్లు నిలుచును?

ఇంతకంటె గట్టి యాక్షేపణ మఱియొకటి కలదు. నిధి యేర్పడినదని ప్రభుత్వము తన గ్రాంటును తగ్గించుకొనవచ్చును. అట్లు జరుగరాదు. మూలనిధి ప్రభుత్వపు బాధ్యతకు బదులు కాదు, తోడు మాత్రమే. ప్రభుత్వపు వంతు ఇంత, నిధి వంతు ఇంతయని ప్రణాళికలోనే వ్రాసికొనవలెను. నిధి లెక్కలు ఏఁటికి రెండుమాఱులు తెలుఁగున వ్రాసి, ప్రతి గ్రామపంచాయితీ గోడమీఁద అంటింపవలెను. అభయారణ్యములకు సలహాసంఘముండవలెనను నియమము చట్టముననే కలదు. అందు శాసనసభ్యులకును పంచాయితీల ప్రతినిధులకును తావు కలదు. ఆ సంఘము ఇరు జిల్లాలకును ఒక్కటియై, ఏఁటికొకమాఱు పోచారపు కట్టమీఁదనే కూర్చుండి, కావలివానిని, రైతును, గొఱ్ఱెలకాపరిని ఎదుటఁ బెట్టుకొని లెక్క చూచినచో, దాఁపఱికమునకు తావుండదు.

శ్రోతలారా! మంజీర యేడుపాయలుగాఁ జీలిన చోట మనవారు కొలుచు తల్లి పేరు వనదుర్గ. శివరాత్రి జాతరకు లక్షలాది జనము పోయి ఆ తల్లికి మ్రొక్కులు చెల్లించుచున్నారు. వనమును విడిచి వనదుర్గను కొలుచుట, చెఱువును విడిచి నీరు గోరుటవంటిది. పోచారపు అడవికి హద్దు గీచి 70 ఏండ్లు దాఁటినవి. ఆ హద్దును గీచినవారు తమ పని తాము చేసిపోయిరి. దానికి మాన్యము వ్రాయు పని మన తరమునకు మిగిలినది. మీ గ్రామసభలో ఈ మాట యెత్తుఁడు. మీ ప్రతినిధిని అడుగుఁడు. ప్రణాళిక ఎక్కడ, లెక్క ఎక్కడ యని మర్యాదగా, విడువక యడుగుఁడు. అడిగెడి ఊరు గల అడవియే నిలుచును.